బాంబ్ షెల్టరూ, మూడు ఇనుప అచ్చులూ

సెప్టెంబరు 14, ఆదివారం

ఆయన్ని ఎయిర్‌పోర్టుకి పంపేశాం. పెర్త్. నాలుగు వారాల ఆఫీసు పని. వెళ్ళేముందు నాకు సరిగ్గా వెళ్ళొస్తానని చెప్పారో లేదో గుర్తులేదు గానీ, అచ్చుల్ని మాత్రం ఒకటికి మూడుసార్లు తడిమి చూసుకున్నారు.

అచ్చులంటే ఏమిటో రాసి పెట్టుకోవాలి. పదేళ్ళ తర్వాత చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

మా ఆయన సుధాకరరావుకి చేపలు పట్టే పిచ్చి. గాలం నీళ్ళలో మునగడానికి దారానికి సీసపు గుండు కట్టాలట. ఆ గుండు ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. కానీ ఈయన సొంతంగా పోత పోసుకుంటారట. అందుకని మూడేళ్ళ కిందట, ఊళ్ళోనే టోవా పాయో పేటలో మూసేస్తున్న ఒక గాలాల కొట్టు నుంచి మూడు ఇనుప అచ్చులు పట్టుకొచ్చారు. ఎవరూ వాడని కొత్త సరుకు. ఒక్కోటీ పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల గుంటలు. మూసి, పైనున్న కన్నంలోంచి కరిగిన సీసం పోసి, చల్లారాక తెరిస్తే గుండ్లు.

ఇప్పటిదాకా పోసిన సీసం: సున్నా! ఫ్లాట్‌లో సీసం కరిగిస్తే నేను ఇంట్లో ఉండనన్నాను. ఊరి చివర తువాస్‌లో స్నేహితుడి వర్క్‌షాపులో పోస్తానన్నారు. వచ్చే నెలట. ఆ వచ్చే నెల మూడేళ్ళుగా వస్తూనే ఉంది.

అప్పట్నుంచీ ఆ అచ్చులు మా బాంబ్ షెల్టర్‌లో రాజభోగం అనుభవిస్తున్నాయి. యుద్ధం వస్తే దాక్కోమని ఫ్లాటుతో పాటే కట్టిచ్చిన గది అది. మందపాటి గోడలు, ఇనుప తలుపు, కిటికీ లేదు. సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకులో అందరూ దాన్ని సామాన్ల గది చేసుకున్నారు. మా ఇంట్లో అది ఆయన గాలాల గది.

ఆ గది నాకు కావాలి.

మూడు పడగ్గదులు. ఒకటి మాది, ఒకటి మా అమ్మాయి ప్రణవిది, ఒకటి అత్తయ్యది. నా ఆఫీసు పని డైనింగ్ టేబుల్ మీద. ఈ డైరీ వాషింగ్ మెషిన్ మీద. ఇంట్లో తలుపు వేసుకునే చోటు నాకు బాత్రూమ్ ఒక్కటే. అందులో ఉన్నా "అమ్మా" అనీ "కాత్యాయనీ" అనీ తలుపు కొడతారు. ఆ ఇనుప తలుపు కొడితే మాత్రం లోపలికి వినపడదు. నేను పరీక్షించి చూశాను. ఒక కుర్చీ, ఒక చిన్న ఫ్యాను. సంగీతం నేర్చుకోను, యోగా చెయ్యను. ఊరికే కూర్చుంటాను.

నిన్న భోజనాల దగ్గర అదే అడిగాను. ఆయన నవ్వారు. "నీ దోసెల పెనానికే తుప్పు పట్టించావు. ఈ ఊరి గాలిలో ఇనుముని కాపాడటమంటే ఏమనుకున్నావు? మూడేళ్ళుగా ఎలా ఉంచానో చూడు" అని అచ్చులు తెచ్చి తెరిచి చూపించారు. నల్లగా, నున్నగా, నిగనిగలాడుతున్నాయి. ఒప్పుకోవాలి.

పందెం కాశాను. నాలుగు వారాలు అచ్చుల బాధ్యత నాది. ఆయన వచ్చాక భూతద్దం పెట్టి చూస్తారు. ఒక్క చుక్క తుప్పు లేకపోతే గది నాది, గాలాలన్నీ మంచం కిందికి. చుక్క కనబడితే ఆ గది ఊసు నేను జన్మలో ఎత్తకూడదు.

అత్తయ్య, ప్రణవి సాక్షులు. గెలిచినట్టే!


సెప్టెంబరు 15, సోమవారం

మొదలు!

ఇనుము గురించి రాత్రి భోజనానికి ముందు వీడియోలు చూశాను. ఎంత తేలికో. తుప్పుకి కావలసినవి రెండే: నీళ్ళు, గాలి. రెండూ తగలనివ్వకపోతే సరి. ఇంత చిన్న విషయానికి ఈయన మూడేళ్ళ నుంచి తపస్సు చేసినట్టు మాట్లాడతారేమిటి? నేను బ్యాంకులో ఆడిట్ చేసేదాన్ని. పక్కవాళ్ళ తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం.

కొన్నవి: మిషన్ నూనె. తెల్ల గుడ్డ చేతిజోళ్ళు (చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, ముట్టుకున్న చోటల్లా వేలిముద్ర ఆకారంలో తుప్పు వస్తుంది!). రబ్బరు అంచున్న గాలి చొరబడని పెద్ద డబ్బా. తేమ పీల్చే సిలికా గింజలు. ఇవి భలే ఉన్నాయి, పొడిగా ఉంటే నారింజ రంగు, తేమ తాగితే ఆకుపచ్చ.

మూడు అచ్చులకీ నూనె పూత. కాగితంలో చుట్ట. డబ్బాలో పెట్టి మూత బిగించాను. టక్కుమంది. ఆ శబ్దం ఎంత హాయిగా ఉందో!


సెప్టెంబరు 17, బుధవారం

అచ్చులు: క్షేమం. గింజలు: నారింజ.

ప్రణవి డబ్బా తెరవబోయింది. చేతిజోళ్ళు లేకుండా! అరిచాను.

"అమ్మా, ఇట్స్ జస్ట్ మెటల్ లా. వై యూ సో స్ట్రెస్డ్?" ఈ ఊరి ఇంగ్లీషు దానిది, మాట చివర ఒక "లా" తగిలిస్తుంది.

"ముట్టుకోవద్దు. ఎవరూ ముట్టుకోవద్దు. నేను తప్ప."

అత్తయ్య, అంటే బాలనాగమ్మగారు, సోఫాలోంచి తల తిప్పి నన్ను చాలాసేపు చూశారు. ఆవిడ బందరు నుంచి వచ్చి ఆర్నెల్లయింది. నా పద్ధతులు ఏవీ నచ్చవు.

"ఇన్నాళ్ళకి ఇంట్లో మడి మొదలుపెట్టావమ్మాయ్" అన్నారు. "సీసం గుండ్లకైతే ఏంలే. మడి మడే."

ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. కాదనలేకపోయాను.


సెప్టెంబరు 20, శనివారం

పొద్దుట్నుంచీ వాన. గోడలు కూడా చెమట పడుతున్నాయి. బిస్కెట్లు మెత్తబడ్డాయి. అత్తయ్య మోకాళ్ళు పట్టేశాయి. నా అచ్చులు మాత్రం పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు!

గెలుపు ఖాయమయ్యాక ఆగడమెందుకని షెల్టర్‌లో టేపు పట్టి కొలిచాను. వెనక్కి వాలే కుర్చీ పడుతుంది. కాళ్ళు చాపుకోవచ్చు కూడా. రంగు ఆవపచ్చనా, నీలమా? ప్రణవిని అడిగాను.

"యూ హావెంట్ ఈవెన్ వన్ యెట్" అంది.

నీలం.


సెప్టెంబరు 23, మంగళవారం

రెండు రోజులు చూడలేదు. ఆఫీసులో మూడో క్వార్టర్ ముగింపు. చూడకపోయినా డబ్బాలో ఉన్నవి డబ్బాలోనే ఉంటాయి కదా. అదేగా డబ్బా గొప్పదనం. రేపు చూస్తాను.


సెప్టెంబరు 24, బుధవారం

ఘోరం.

గింజలు ఆకుపచ్చ. కారు పచ్చ. మూత బిగించి లేదు. డబ్బా నిండా అప్పడాలు, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు. వాటి కింద నా మూడు అచ్చులు.

"అత్తయ్యా! ఇవన్నీ ఏమిటి?"

"అదేంటే, కనపడట్లా? ఈ ఊళ్ళో ఎక్కడ పెట్టినా మిరపకాయలు రెండ్రోజులకి మెత్తబడి చస్తున్నాయి. నీ డబ్బాలో పెట్టా. ఎట్టా గలగల్లాడుతున్నాయో చూడు!"

"అందులో అచ్చులున్నాయి!"

"ఉంటే ఉన్నాయి. అవేమన్నా తింటాయా?"

చల్ల మిరపకాయ అంటే ఏమిటి? ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రోజుల తరబడి ఊరబెట్టి ఎండబెట్టిన మిరపకాయ. ఇనుముకి బద్ధశత్రువు ఎవరని అడిగితే ఇంతకంటే పకడ్బందీగా ఎవరూ తయారుచేయలేరు. ఉప్పు, పులుపు, రెండూ ఒకే దానిలో. కాగితం చిరిగి, ఒక తొడిమ సరాసరి మూడో అచ్చు గుంటలో కూర్చుని ఉంది.

దాని కింద ఒక చుక్క. ఎర్రగా. ఆవగింజంత.

గుడ్డతో తుడిచాను. కొంత పోయింది. కొంత నూనెతో కప్పబడింది. నూనె కింద ఏముందో భూతద్దానికి తెలియదు. ఆవగింజంత దాన్ని తుప్పు అనరు. తుప్పు తాలూకు సూచన అనవచ్చు. మా ఆడిట్‌లో కూడా చిన్నవాటిని "గమనిక" అని రాసి వదిలేస్తాం.

డబ్బా అత్తయ్యకే వదిలేశాను. ఆవిడతో పోట్లాడి ఆ డబ్బా తెచ్చుకునే ధైర్యం ఈ దేశంలో ఎవరికీ లేదు.


సెప్టెంబరు 25, గురువారం

ఆలోచన! బియ్యం! ఫోను నీళ్ళలో పడితే అందరూ బియ్యంలో పెడతారు. తేమ మొత్తం లాగేస్తుంది. మా ఇంట్లో బియ్యం డబ్బా అంత పొడి చోటు ఇంకోటి లేదు.

అచ్చుల్ని పాత చీర ముక్కలో చుట్టి, బియ్యంలో లోతుగా పాతిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. హాయిగా నిద్రపోతాను.


సెప్టెంబరు 27, శనివారం

మధ్యాహ్నం భోజనం.

అత్తయ్య ఒక ముద్ద తిని ఆగారు. ప్రణవి వాసన చూసింది.

"వై ద రైస్ స్మెల్ లైక్ బైసికిల్?"

నాకు వాసన రాలేదని చెప్పాను. ఇంకో ముద్ద తిని చూపించాను. నిజం చెప్పాలంటే సైకిల్ చెయిన్‌ని పప్పుతో కలుపుకుని తిన్నట్టుంది.

బియ్యమంతా పారబోశాను. కింద కాఫీషాపులో నూడిల్స్ తిన్నాం. అత్తయ్య రెండు పుల్లలతో కుస్తీ పట్టి, చివరికి చెంచా తెప్పించుకుని, "ఇదే బాగుంది, రోజూ ఇదే తిందాం" అన్నారు. నా వంట మీద తీర్పు కూడా వచ్చేసింది.

అచ్చులు మళ్ళీ షెల్టర్‌లో. మామూలు బల్ల మీద. చీర ముక్కలో. మూడేళ్ళు ఆయన అలాగే ఉంచలేదా?


సెప్టెంబరు 28, ఆదివారం

ఆయన వీడియో కాల్.

"ఎలా ఉన్నాయి?"

"మేం ముగ్గురం బాగున్నాం."

"అది సరేలే. అచ్చులు?"

చూపించమన్నారు. మూసి ఉన్నవే దూరంనుంచి చూపించాను. తెరవమన్నారు. అప్పుడు నాకు మెరుపులా ఒక ఉపాయం తట్టింది. నోరు సగం తెరిచి, కళ్ళు ఒకవైపుకి పెట్టి, కదలకుండా కూర్చున్నాను. నెట్‌వర్క్ పోయి బొమ్మ ఆగిపోయిందనుకుంటారని.

"కాత్యాయనీ? హలో? ఆగిపోయిందా?"

కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టాను. అంతా బాగానే ఉండేది. నా వెనకాల నుంచి ప్రణవి అరటిపండు తింటూ నడిచి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చి, కెమెరాలోకి చూసి, "హాయ్ డాడీ" అంది.

ఫోను కట్ చేశాను.

"నెట్‌వర్క్ అసలు బాలేదండీ" అని మెసేజ్ పెట్టాను. ఒక నవ్వు బొమ్మ వచ్చింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.


అక్టోబరు 1, బుధవారం

ఆయుధ పూజ.

ఇంట్లో ఉన్న ఇనుమంతా దేవుడి ముందు పెట్టాలన్నారు అత్తయ్య. కూరగాయల కత్తి, కత్తెర, కొబ్బరి కోరాము, ప్రణవి జామెట్రీ బాక్సు, నా లాప్‌టాప్ (అందులో ఇనుము లేదంటే "అన్నం పెట్టేది అదేగా" అన్నారు). అచ్చుల గురించి ఆవిడ అడగలేదు. నేనే తెచ్చిపెట్టాను! ఎవరూ బలవంతం చేయలేదని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. ఆవగింజ చుక్క విషయంలో అమ్మవారు ఏమైనా సాయం చేస్తుందేమోనని ఆశ.

లాప్‌టాప్‌కి చుక్క బొట్టు పెట్టి ఊరుకున్నారు. అచ్చుల్ని మాత్రం కొడుకు ఆయుధాలని ముద్దుగా చూసుకున్నారు. తెరిచి పెట్టి నీళ్ళు చిలకరించారు. చెంబు సగమైంది. దాన్ని చిలకరించడం అనరు. తడి పసుపు పూశారు. ఒక్కో గుంటలో ఒక్కో కుంకుమ బొట్టు. నిమ్మకాయలు సగానికి కోసి, కుంకుమ అద్ది, ఒక్కో అచ్చు మీద రెండేసి బోర్లించారు.

నిమ్మకాయ రసం గుంటలోకి జారుతోంది. నేను చూస్తున్నాను.

"అత్తయ్యా, హారతి అయిపోయిందిగా, తీసి తుడిచి పెట్టేస్తాను."

"తీస్తావా? రేపు ఉద్వాసన చెప్పేదాకా పూజలో పెట్టినవి కదిలిస్తారా ఎవరన్నా? వాడు సముద్రం ఒడ్డున తిరిగేవాడు. వాడి మీదికి తెస్తావా ఏంటి?"

పందెం సంగతి ఆవిడకీ తెలుసు. కానీ అమ్మవారికీ పందేనికీ మధ్య నిలబడి ఎవరి పక్షం పలుకుతారో నాకూ తెలుసు.

సాయంత్రం ఆవిడ టీవీ చూస్తుండగా హెయిర్ డ్రయ్యర్ తెచ్చి దూరం నుంచి మెల్లగా గాలి కొట్టాను. కదిలించలేదు కదా. కుంకుమ ఎగిరి దేవుడి పటాలన్నిటి మీదా పడింది. అత్తయ్య వచ్చారు.

"ఏం చేస్తున్నావే?"

"ఉక్కగా ఉందని... అమ్మవారికి గాలి విసురుతున్నా."

ఆవిడ నా చేతిలోంచి డ్రయ్యర్ తీసుకుని, దానికీ ఒక బొట్టు పెట్టి, అచ్చుల పక్కన పెట్టేశారు. రేపటిదాకా అదీ కదలదు.


అక్టోబరు 2, గురువారం

పొద్దున్నే ఉద్వాసన. పరిగెత్తాను.

గుంటల్లో ఎరుపు. గుంటల అంచుల్లో ఎరుపు. నిమ్మచెక్కల కింద గుండ్రంగా ఎరుపు. ఏది కుంకుమ, ఏది తుప్పు? అమ్మవారికే తెలియాలి.

గుడ్డ పెట్టి తుడిచాను. కుంకుమ పోయింది. మిగతా ఎరుపు అలాగే ఉంది.

మిగతాదే ఎక్కువ.


అక్టోబరు 3, శుక్రవారం

ప్రశాంతంగా ఆలోచిస్తే:

తుప్పు కూడా ఇనుమే. బయటినుంచి వచ్చిందేం కాదు. కొద్దిగా తుప్పు పైన పొరలా ఉంటే లోపలి ఇనుముకి రక్ష అని ఎక్కడో చదివాను. (ఎక్కడో గుర్తులేదు. అది రాగి గురించి అయ్యుండవచ్చు.) పైగా దైవకార్యంలో వచ్చిన తుప్పు. మామూలు తుప్పు వేరు, ప్రసాదంగా వచ్చిన తుప్పు వేరు. పైగా, అసలు వాడని అచ్చులకి తుప్పు పడితే ఎవరికి నష్టం? ఏ చేప వచ్చి ఫిర్యాదు చేస్తుంది?

ప్రణవికి ఇదంతా చెప్పాను.

"అమ్మా. యూ లాస్ట్. జస్ట్ యాడ్‌మిట్ లా."

దాన్ని కన్నది నేనే.


అక్టోబరు 4, శనివారం

ఓడిపోలేదు. ఇత్తడి సామానుకి చింతపండు పెట్టి తోమితే తళతళలాడదా? ఇనుముకీ అదే పులుపు, అదే చింతపండు.

బాంబ్ షెల్టర్‌లో తలుపు వేసుకుని కూర్చున్నాను. ప్లాస్టిక్ తొట్టి, చింతపండు గుజ్జు, పాత టూత్‌బ్రష్. గంటసేపు ఎవరూ పిలవలేదు. పిలిచినా వినపడలేదు. తుప్పు తోముతున్నానన్న మాటే గానీ, ఈ మధ్య ఇంత సుఖంగా ఎప్పుడూ లేను.

మొదటి అచ్చు. ఎర్ర నీళ్ళు వస్తాయనుకున్నాను. నల్ల నీళ్ళు వచ్చాయి.

నల్లగా, జిడ్డుగా. ఇనుము నలుపు ఇలా ఊడిరాదు. గోటితో గీకాను. మైనంలా గోట్లోకి వచ్చింది. వాసన చూశాను. స్కూలు బూట్ల వాసన.

బూట్ పాలిష్!

దాని కింద ఇనుము కనిపించింది. గుంటలు పడి, గోధుమరంగుకి తిరిగి, లోపలిదాకా తిన్న ఇనుము. మొన్నటి నిమ్మకాయలు ఇంత పని చేయలేవు. ఇది నెలల నాటి తుప్పు. ఏళ్ళ నాటి తుప్పు. రెండో అచ్చూ అంతే. మూడోదీ అంతే.

ఆయన గాలాల పెట్టె తెరిచి చూశాను. కొక్కేల కింద నల్ల పాలిష్ డబ్బీ, ఒక బ్రష్షు. మా ఆయనకి నల్ల బూట్లే లేవు. ఆఫీసుకి కూడా కాన్వాసు బూట్లే వేసుకుంటారు.


అక్టోబరు 5, ఆదివారం

కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

తుప్పు పట్టినవాటిని చేతికిచ్చి, తుప్పు పట్టనివ్వకు అని పందెం కాశారు. నేను ఎంత జాగ్రత్తగా ఉన్నా ఓడిపోతాను. గట్టిగా తోమితే పాలిష్ పోతుంది, పోతే తుప్పు కనబడుతుంది. అంటే ఆ గది నాకివ్వాలని ఆయన మొదట్నుంచీ అనుకోలేదు. అడిగింది మేడా మిద్దా? కిటికీ కూడా లేని సామాన్ల గది. అదీ యుద్ధం వస్తే తప్ప పనికిరాని గది.

అత్తయ్య నా ముఖం చూసి ఏమైందన్నారు. ఉల్లిపాయలన్నాను. "చేతిలో ఉల్లిపాయ లేదే" అన్నారు. కాసేపటికి నాలుగు చల్ల మిరపకాయలు వేయించి తెచ్చి నా పక్కన పెట్టారు. తిన్నాను. బాగున్నాయి. చాలా బాగున్నాయి, అదే బాధ.


అక్టోబరు 8, బుధవారం

మూడు రోజులు ఆలోచించాను.

నిజం చెప్పి పోట్లాడవచ్చు. ఆయన "నీ చింతపండు వల్లే" అంటారు. నా నిమ్మకాయలు, నా మిరపకాయలు బయటికొస్తాయి. ప్రణవి సాక్ష్యం చెబుతుంది. నేను ఓడిపోతాను.

లేదా, తీసుకున్నవాటిని తీసుకున్నట్టే తిరిగి అప్పగించవచ్చు. పందెంలో ఉన్నది అంతేగా?

డబ్బీ మూత తిప్పాను.

బ్రష్షు కూడా ఆయన బ్రష్షే.


అక్టోబరు 12, ఆదివారం

వచ్చారు. స్నానం, కాఫీ, భోజనం. అంతసేపూ ఎవరం ఆ ఊసెత్తలేదు. చేతులు తుడుచుకుని, భూతద్దం తెచ్చుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు.

మూడు అచ్చులూ తెచ్చి ముందు పెట్టాను. తెరిచాను. నల్లగా, నున్నగా, నిగనిగలాడుతున్నాయి. నెల కిందట ఆయన చూపించిన దానికంటే బాగున్నాయి. నేను రెండు పూతలు వేశాను.

అత్తయ్య ఒక పక్క, ప్రణవి ఒక పక్క.

ఆయన ముఖం వెలిగిపోతుందనుకున్నాను. లేకపోతే మాడిపోతుందనుకున్నాను. రెండూ కాలేదు. అయోమయంగా చూశారు. నెలరోజులు నా చేతుల్లో ఉండి అవి అలా ఉండటం అసాధ్యమని ఈ ఇంట్లో ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

బొటనవేలుతో ఒక గుంటలో రుద్దారు. వేలు తీసి చూసుకున్నారు. నల్లగా ఉంది.

వేలు చూసుకున్నారు. నన్ను చూశారు. నేను ఆయన వేలినే చూస్తున్నాను.

"ఏంట్రా ఆ నలుపు?" అన్నారు అత్తయ్య.

ఇంకొంచెం గట్టిగా రుద్దితే తుప్పు బయటికొస్తుంది, నేను ఓడిపోతాను. కానీ ఆ తుప్పు వయసు ఎంతో చూసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. ఆ పాలిష్ ఎక్కడిదో కూడా చెప్పాలి. నేను తొందర పెట్టలేదు. ఇంకో గ్లాసు మంచినీళ్ళు పోసి ఇచ్చాను.

"ఏం లేదమ్మా" అన్నారు. "నూనె."

"తుప్పుందా మరి?"

ఆయన భూతద్దం పెట్టెలో పెట్టేసి మూత వేశారు.

"ఒక్క చుక్క లేదు. కాత్యాయనే గెలిచింది."

"వాట్!" అంది ప్రణవి. దాని నోటికి అరటిపండు అందించాను.


అక్టోబరు 13, సోమవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి గాలాలన్నీ మంచం కిందికి మార్చేసి ఉన్నాయి. షెల్టర్ గడప మీద ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఒళ్ళో అచ్చు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

"చింతపండు పెట్టి తోమినప్పుడు."

"చింతపండా! ఇనుముకా!"

"బూట్ పాలిష్ వేసినవాళ్ళు మాట్లాడకండి."

పక్కన కూర్చున్నాను.

"కొన్న నెలలోనే పట్టింది కాత్యా" అన్నారు. "కొనేటప్పుడు ఎందుకివి, ఈ ఊళ్ళో తుప్పు పడతాయి అన్నావు గుర్తుందా? నీకంటే నాకు బాగా తెలుసని అందరి ముందూ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. నెల తిరక్కుండానే తుప్పు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అప్పట్నుంచీ పాలిష్ వేస్తూనే ఉన్నాను."

"ఆ గది నాకివ్వడం ఇష్టం లేదనుకున్నాను."

"గది గురించి కాదు. నీ చేతిలో ఉండగా బయటపడితే... నా చేతిలో పట్టినట్టు ఎవరికీ తెలియదుగా."

అంటే గది మీద ప్రేమ కాదు. తుప్పు నా ఖాతాలో వేద్దామని! ఏది ఎక్కువ తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. పెద్దగా తిట్టాను. పెళ్ళయ్యాక అంత పెద్దగా తిట్టడం ఇదే. మధ్యలో అప్పడాలు, నిమ్మకాయలు, బియ్యం సంగతి కూడా నోరు జారి చెప్పేశాను. బియ్యం దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఉన్నాయి.

"నాతో చెప్పి ఉంటే ఏమయ్యేది?" అన్నాను.

"ఏమయ్యేదంటే, వారంరోజులు నవ్వేదానివి."

నిజమే. పది రోజులు నవ్వేదాన్ని.


అక్టోబరు 18, శనివారం

ఇద్దరం కలిసి పాలిష్ అంతా గీకేశాం. తుప్పంతా ఉక్కుపీచుతో తోమి, ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, వేడి మీదే మిషన్ నూనె పట్టించాం. తుప్పు తిన్న గుంటలు గుంటలుగానే ఉన్నాయి, కానీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. కొత్త డబ్బా. కొత్త గింజలు. పాత డబ్బా అత్తయ్యకే రాసిచ్చాం.

అచ్చులు నా గదిలో ఒక మూల ఉండటానికి ఒప్పుకున్నాను. ఆయన అంత దీనంగా అడిగితే కాదనలేకపోయాను. కొత్త నియమం: ఎవరికి ముందు తుప్పు కనబడితే వాళ్ళు వెంటనే రెండోవాళ్ళకి చెప్పాలి. దాచడాలు, పాలిష్‌లు, నెట్‌వర్క్ పోవడాలు లేవు. చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాం.


అక్టోబరు 19, ఆదివారం

కొత్త ప్రతిజ్ఞ. మొదటి రోజు!

నీలం కుర్చీ వచ్చింది. వెనక్కి వాలుతుంది. కాళ్ళు చాపుకోవచ్చు. చిన్న ఫ్యాను తిరుగుతోంది. తలుపు వేసుకున్నాను. ఈ డైరీ మొదటిసారి ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

కూర్చునే ముందు, పద్ధతి ప్రకారం, డబ్బా తెరిచి అచ్చులు చూశాను. మొదటిది క్షేమం. రెండోది క్షేమం. మూడోదానిలో, పక్క అంచున, ఒక చుక్క. చిన్నదే. కానీ తుప్పే. నేను చూడగానే గుర్తుపట్టేస్తాను ఇప్పుడు.

చెప్పాలి. ఒట్టు పెట్టుకున్నాం. ఆయన బయట హాల్లోనే ఉన్నారు.

కానీ చెప్పాలంటే తలుపు తెరవాలి. తెరిస్తే ఆయన భూతద్దంతో లోపలికొస్తారు. ఆయన వెనకాలే ఏమైందంటూ అత్తయ్య, స్టూలుతో సహా. ఆవిడ వెనకాల ప్రణవి, ఫోనుతో. నలుగురం ఈ గదిలో. కుర్చీ ఒక్కటే ఉంది కాబట్టి అందులో అత్తయ్య కూర్చుంటారు.

చెబుతాను. దాచే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. లేచాక చెబుతాను.

ప్రతిజ్ఞ రేపట్నుంచి మొదలు. ఇవాళ కుర్చీ.